రోహిణి కార్తెకు నిలిచే మడమ క్రీము: సీటైల్ పామిటేట్‌తో వేసవి డైరీ

రేవతి కార్తె

ఈ వేసవికి పెట్టుకున్న పని ఒక్కటే. మద్రాసు పెరంబూరులో పై అంతస్తులో ఉన్న మా ఇంట్లో, ఫ్రిజ్ ముఖం చూడకుండా, ఎండలు తగ్గేదాకా డబ్బాలో గట్టిగా నిలిచే మడమ క్రీము చెయ్యాలి. వాడేది అత్తయ్య. ఆవిడ కాలాన్ని కార్తెల్లోనే లెక్కపెడుతుంది కాబట్టి ఈ డైరీకి తలకట్లు కూడా అవే పెట్టాను.

అత్తయ్య మడమలు ఏడాది పొడవునా పగులుతాయి. చెప్పులు లేకుండా మొజాయిక్ నేల మీద తిరుగుతుంది, పొద్దున్నే బోరు నీళ్ళలో నిలబడి గుడ్డలు జాడిస్తుంది. ఎండాకాలం వచ్చిందంటే ఇంకా చెప్పనక్కర్లేదు. "రోహిణి కార్తెకు రోళ్ళే పగులుతాయంటారు, నా కాళ్ళెంత అమ్మాయీ" అంటుంది. షుగరు కూడా ఉంది కాబట్టి ముందే ఒప్పందం చేసుకున్నాం: పగులు లోతుగా ఉన్నా, నెత్తురు కనిపించినా క్రీము జోలికి పోకుండా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళకు పాదం మీద పుండు చిన్నదైనా చిన్నది కాదు. ఈ క్రీము పైపైన పొడిబారిన చర్మానికి, కొత్త పగులు పడకుండా ఉండడానికి.

మడమలే ఎందుకు ఇంతగా పగులుతాయంటే, అరికాళ్ళలో నూనె గ్రంథులు లేవు. అరచేతుల్లోనూ లేవు. ముఖం మీద, వీపు మీద చర్మం తనంతట తాను సీబమ్ అనే జిడ్డును పైకి పంపుకుంటుంది. ఆ జిడ్డులో పావు వంతు దాకా మైనపు ఎస్టర్లే ఉంటాయి. అరికాలికి ఆ భాగ్యం లేదు. పైగా ఒళ్ళంతటి బరువూ దాని మీదే పడుతుంది, చర్మం మందమైపోతుంది. మందమైన చర్మం ఆరిపోతే వంగలేదు, అందుకే చీలుతుంది. నా ఆలోచన ఇక్కడే మొదలైంది. మిగతా చర్మం తనకు తాను చేసుకునే సరుకు రకానిదే ఒకటి మడమకు బయటి నుంచి ఇవ్వాలి. ఒట్టి నూనె వద్దు, మైనపు ఎస్టర్ కావాలి.

నూనెకూ మైనానికీ తేడా ఇది. నూనె అణువులో గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. మైనపు ఎస్టర్‌లో గ్లిజరిన్ ఉండదు. పొడుగాటి కొవ్వు ఆల్కహాల్ ఒకటి, పొడుగాటి కొవ్వు ఆమ్లం ఒకటి, రెండూ కలిసి ఒక నీటి అణువును వదిలేస్తే మైనపు ఎస్టర్. నేను ఎంచుకున్నది సీటైల్ పామిటేట్: పదహారు కార్బన్ల సీటైల్ ఆల్కహాల్, పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం. చూడడానికి తెల్లని పలుకులు, వాసన ఉండీ లేనట్టు. చర్మం మీద పొలుసుల సందుల్లో నిండి లోపలి తడిని పట్టి ఉంచుతుంది, కానీ జిడ్డుగా తగలదు, ఆరాక పౌడరు రాసినట్టుంటుంది. ఈ జిడ్డు లేకపోవడం మా ఇంట్లో అన్నిటికంటే ముఖ్యం. కొబ్బరినూనె రాసుకున్న కాలితో మొజాయిక్ నేల మీద నడిస్తే పెద్దవాళ్ళు జారిపడతారు.

అశ్విని కార్తె

సరుకు కోసం మా ఊళ్ళోనే ఉన్న పారిస్ కార్నర్ బజారుకు వెళ్ళాను. నైనియప్ప నాయకన్ వీధిలో కెమికల్సు, సెంట్లు, సబ్బు ముడిసరుకు అమ్మే కొట్లు వరుసగా ఉంటాయి. తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా దొరుకుతారు. ఒక కొట్లో "అన్నా, సీటైల్ పామిటేట్ అర కిలో కావాలి" అంటే ఆయన గుమాస్తాతో ఐపీఎం డబ్బా తెప్పించాడు. ఐపీఎం అంటే ఐసోప్రొపైల్ మిరిస్టేట్. అదీ ఎస్టరే గానీ నీళ్ళలాగా పలచన, సెంట్లలోనూ తేలిక లోషన్లలోనూ కలుపుతారు. "అది కాదన్నా, గట్టిగా పలుకుల్లా ఉండేది" అన్నాను. "ఓ, మైనం మాదిరి ఉండేదా? అట్ల చెప్పమ్మా ముందే!" అని లోపలి నుంచి వేరే సంచి తీశాడు. అదే కొట్లో మిరిస్టైల్ మిరిస్టేట్ కూడా దొరికింది, కొద్దిగా తీసుకున్నాను. ఎందుకో కింద రాస్తాను.

కొనేవాళ్ళకు ఒక మాట. లేబుల్ మీద సీటైల్ అని కనిపించగానే తీసుకోవద్దు. సీటైల్ ఆల్కహాల్ వేరు, అది 49 డిగ్రీల దగ్గర కరిగే కొవ్వు ఆల్కహాల్, క్రీమును చిక్కబరుస్తుంది గానీ ఎస్టర్ కాదు. సీటైల్ ఎస్టర్స్ అని రాసి ఉంటే అది రకరకాల మైనపు ఎస్టర్ల మిశ్రమం, 43 నుంచి 47 డిగ్రీల మధ్య కరుగుతుంది. నాకు కావలసింది సీటైల్ పామిటేట్ ఒక్కటే. కొట్టువాళ్ళను బ్యాచ్ సర్టిఫికెట్ అడగండి, అడిగితే ఇస్తారు. అందులో సపోనిఫికేషన్ విలువ చూడాలి, అంటే గ్రాము సరుకును సబ్బుగా మార్చడానికి ఎన్ని మిల్లీగ్రాముల క్షారం పడుతుందో ఆ లెక్క. ఈ ఎస్టర్ అణుభారం 481 కాబట్టి లెక్క ప్రకారం ఆ విలువ 117 చుట్టుపక్కల రావాలి. ఆమ్ల విలువ, అంటే విడిగా మిగిలిన ఆమ్లం లెక్క, బాగా తక్కువుండాలి. చవకగా దొరికే స్టియరిక్ ఆమ్లం కలిసిందంటే ఆమ్ల విలువ ఎగబాకుతుంది. పారఫిన్ కలిపితే సపోనిఫికేషన్ విలువ పడిపోతుంది, ఎందుకంటే పారఫిన్‌లో సబ్బుగా మారేది ఏమీ లేదు.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. చాకలిసోడా కొద్దిగా వేసిన నీళ్ళను బాగా వేడిచేసి అందులో చిటికెడు సరుకు వెయ్యాలి. స్టియరిక్ ఆమ్లం అయితే బుసబుసా బుడగలొచ్చి నీళ్ళు సబ్బులా జిగురవుతాయి. నా సరుకు మాత్రం కరిగి నూనె చుక్కలుగా పైన తేలింది, నీళ్ళు తేటగానే ఉన్నాయి. పోల్చి చూడడానికి పక్క గ్లాసులో నిజం స్టియరిక్ వేశాను, అది నురగలు కక్కింది. ఇది స్టియరిక్‌ను పట్టిస్తుంది అంతే. పారఫిన్‌ను పట్టించదు, దానికి సర్టిఫికెట్టే దిక్కు.

భరణి కార్తె

ఈ కార్తె అంతా కరిగే వేడి మీదే గడిచింది. నాకు ఇష్టమైన భాగం ఇదే.

పుస్తకాల్లో శుద్ధమైన సీటైల్ పామిటేట్ 54 డిగ్రీల దగ్గర కరుగుతుందని ఉంటుంది. బజారు సరుకు ఇంకాస్త కిందనే కరుగుతుంది. మన డబ్బాలో ఉన్నది ఎక్కడ కరుగుతుందో మనమే చూసుకోవచ్చు. నూనెల పరీక్షశాలల్లో స్లిప్ పాయింట్ అనే పాత పద్ధతి ఉంది, వంటింట్లో చెయ్యడానికి అడ్డేమీ లేదు. రెండు వైపులా తెరిచి ఉన్న సన్నని గాజు గొట్టం కావాలి, ల్యాబ్ సామాను కొట్లో దొరుకుతుంది. మైనాన్ని కరిగించి గొట్టం కొన ముంచితే సెంటీమీటరు మేర తనంతట తనే పైకి పాకుతుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున తెల్లని దారంతో గొట్టాన్ని థర్మామీటరుకు కట్టాలి, మైనం ముక్క సరిగ్గా పాదరసం గుండు పక్కకు వచ్చేలాగ. రెండింటినీ నీళ్ళ బీకరులో దించి, గొట్టం పై కొన నీళ్ళ పైన ఉండేట్టు చూసి, సన్నని సెగ మీద నిమిషానికి ఒక డిగ్రీకి మించకుండా వేడి పెంచాలి. గరిటె కాడతో నీళ్ళు కలుపుతూనే ఉండాలి.

మొదట ఏమీ జరగదు. పాలలా తెల్లగా ఉన్న ముక్క అంచుల్లో కాస్త మసక తగ్గి గాజుకు ఆనుకున్న చోట తడిసినట్టు మెరుస్తుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి కింది నీరు దాన్ని పైకి తోసేస్తుంది, ముక్క ముక్కగానే గొట్టంలో జారి పైకి వెళ్తుంది. ఆ క్షణంలో థర్మామీటరు చూడాలి. నా సీటైల్ పామిటేట్ 50 దగ్గర కదిలింది. మిరిస్టైల్ మిరిస్టేట్ 40 లోపలే కదిలింది. కొట్టులో పక్కపక్కన ఒకేలా కనిపించిన ఈ రెండు తెల్లని పలుకుల మధ్య ఇంత తేడా కళ్ళారా చూడడం నాకు పండగే.

తేడా ఎక్కడిదంటే గొలుసుల పొడుగులోది. మిరిస్టైల్ మిరిస్టేట్‌లో రెండు వైపులా పద్నాలుగు కార్బన్లు, సీటైల్ పామిటేట్‌లో పదహారు. పొడుగు పెరిగే కొద్దీ పక్క గొలుసును పట్టుకునే పట్టు పెరుగుతుంది, విడదియ్యడానికి ఎక్కువ వేడి కావాలి. తేనెమైనంలో గొలుసులు ఇంకా పొడుగు, అందుకే అది 62 దాకా కరగదు. వంకరలు కూడా చూసుకోవాలి. తిన్నని కట్టెలు మోపు కడితే బిగుతుగా కూర్చుంటాయి, వంకర కట్టెలు కూర్చోవు. జొజోబా నూనె నిజానికి మైనపు ఎస్టరే, గొలుసులు సీటైల్ పామిటేట్ కంటే పొడుగే, అయినా ద్విబంధాల (కార్బన్ల మధ్య జంట బంధాల) వల్ల మెలిక పడి ఉంటాయి కాబట్టి మామూలు వేడిలో నూనెలాగే ఉంటుంది.

సీటైల్ పామిటేట్ మనుషులకు తెలిసింది తిమింగలం తలలోంచి. స్పెర్మ్ తిమింగలం తలలోని మైనంలో ప్రధాన భాగం ఇదే. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రుల్ ఆ మైనాన్ని క్షారంతో కాచి 1817లో సీటైల్ ఆల్కహాల్‌ను వేరు చేశాడు. పాత కోల్డ్ క్రీముల్లో ఈ తిమింగలం మైనమే పడేది. బ్రిటన్‌లో 1860 నాటి గ్యాస్ చట్టం దీపం వెలుగును కొలవడానికి ఈ మైనపు కొవ్వొత్తినే ప్రమాణంగా పెట్టింది: పౌనులో ఆరో వంతు బరువు, గంటకు 120 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) చొప్పున కాలాలి. ఆ వెలుగు కోసం ఎన్ని తిమింగలాలను చంపారో తలచుకుంటే గుండె చెరువవుతుంది. వ్యాపారం కోసం తిమింగలాల వేటను ఆపాలని అంతర్జాతీయ కమిషన్ 1982లో తీర్మానించింది. మన దేశంలో స్పెర్మ్ తిమింగలానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దాని పేగుల్లో తయారై సెంట్లలో వాడే అంబర్‌గ్రిస్ అమ్మడం కూడా నేరమే.

ఇవాళ బజారులో దొరికేది చెట్ల నూనెల నుంచి చేసినది. పామాయిల్‌లో నూటికి నలభై పైచిలుకు పామిటిక్ ఆమ్లమే. ఆయిల్‌పామ్ గెలలు మన దేశంలో ఎక్కువగా పండేది ఆంధ్రలో, దాని పరిశోధన సంస్థ కూడా ఏలూరు పక్కన పెదవేగిలోనే ఉంది. గోదావరి జిల్లాల రోడ్ల మీద ట్రాక్టర్లలో వెళ్ళే ఆ ఎర్రని గెలల నుంచి వచ్చే నూనెలో సగానికి కాస్త తక్కువగా నా క్రీము ముడిసరుకు ఉందన్నమాట. తిమింగలం మీద భారం ఇలా మొక్క మీదకు మారడం మంచిదే. అడవులు కొట్టి ఆయిల్‌పామ్ వేసిన చోట్ల సంగతి వేరు, ఎక్కడి నూనెతో చేశారో అడిగే అలవాటు కొనేవాళ్ళకు రావాలి.

కృత్తిక కార్తె

తమిళులు దీన్ని కత్తిరి వెయిల్ అంటారు. పొద్దున ఆరింటికే చేసేస్తే మేలని తెల్లవారుజామున లేచి బ్యాచ్‌లు వేశాను.

వంద గ్రాములకు కొలతలు: డిస్టిల్డ్ వాటర్ 69, గ్లిజరిన్ 5, నువ్వుల నూనె 10, కోకం బటర్ 3, మైనపు ఎస్టర్ 5, ఎమల్సిఫైయింగ్ వాక్స్ (నూనెనూ నీళ్ళనూ కలిపి ఉంచేది) 6, ప్రిజర్వేటివ్ 1, విటమిన్ ఇ అర గ్రాము, పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత) సరిచేసే లాక్టిక్ ఆమ్ల ద్రావణం అర గ్రాము. అన్నీ తూకమే, చెంచా లెక్కలు వద్దు. మా బోరు నీళ్ళు ఇందులో అసలు పనికిరావు, వాటిలోని ఉప్పులు ఎమల్షన్‌ను, అంటే నూనె నీళ్ళ కలయికను, విరగ్గొట్టవచ్చు.

మూడు డబ్బాల్లో మిగతావన్నీ ఒకటే, మైనం ఒక్కటే వేరు. ఒకదాంట్లో సీటైల్ పామిటేట్, ఒకదాంట్లో మిరిస్టైల్ మిరిస్టేట్, ఒకదాంట్లో తేనెమైనం. ఒక్క వస్తువును మాత్రమే మారిస్తేనే ఏ గుణం దేనిదో తెలుస్తుంది.

నూనెలు, మైనాలు ఒక బీకరులో, నీళ్ళు గ్లిజరిన్ ఇంకో బీకరులో. రెండింటినీ వేడినీళ్ళ గిన్నెలో పెట్టి 75 డిగ్రీలకు తెచ్చి కాసేపు అక్కడే నిలపాలి. మైనం కంటికి కరిగినట్టు కనిపించగానే దించేస్తే లోపల చిన్న పలుకులు మిగిలి తర్వాత ఇసుకలా తగులుతాయి. నీళ్ళను నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్‌ను కొద్దికొద్దిగా ఆపుతూ తిప్పాలి, బ్లేడు పైకి రాకూడదు, వస్తే గాలి బుడగలు పడతాయి. మజ్జిగలా పలచగా మొదలై, 50 దాటి దిగేటప్పుడు పెరుగులా తోడుకుంటుంది. సీటైల్ పామిటేట్ డబ్బా అన్నిటికంటే తెల్లగా, నున్నగా వచ్చింది. 45 లోపలికి దిగాక ప్రిజర్వేటివ్. నేను వాడేది ఫినాక్సీ ఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ కలిసినది.

ఇక్కడ ఖచ్చితంగా చెప్తాను. నీళ్ళు ఉన్న క్రీముకు ప్రిజర్వేటివ్ వెయ్యకుండా సహజం అని చెప్పి ఎవరికీ ఇవ్వకండి. మద్రాసు ఉక్కలో దాంట్లో బూజూ బ్యాక్టీరియా పెరగడానికి ఎన్నో రోజులు పట్టదు. అది పగిలిన మడమకు, అందులోనూ షుగరు ఉన్నవాళ్ళ మడమకు రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. పసుపు, వేపాకు ప్రిజర్వేటివ్‌కు బదులు కావు.

పీహెచ్ కాగితం 5, 5.5 మధ్య చూపించింది. డబ్బాలకు మూత పెట్టే ముందు పూర్తిగా చల్లారనివ్వాలి, లేదంటే మూత లోపల ఆవిరి చుక్కలు పడి ఆ తడిలో మొదటి బూజు మొలుస్తుంది. చేసిన రోజు చిక్కదనం చూసి తీర్పు చెప్పొద్దు. ఎస్టర్ స్ఫటికాలు సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆలోపు క్రీము గట్టిపడుతూనే ఉంటుంది.

రోహిణి కార్తె

పరీక్ష కాలం. నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైన ఊరు మా మద్రాసు. ఇంటి అలమరలో మధ్యాహ్నం 37, 38 ఉంటోంది. స్కూటరు డిక్కీలో ఎండన పెట్టి చూస్తే 47 వచ్చింది. ప్రతి డబ్బాలోంచి చిన్న సీసాలోకి తీసి ఒకటి అలమరలో, ఒకటి డిక్కీలో ఉంచాను.

మిరిస్టైల్ మిరిస్టేట్ అలమరలోనే లొంగిపోయింది. లోషన్‌లా పారింది, డిక్కీ సీసాలో అంచు వెంబడి నూనె తేలింది, రాత్రి చల్లబడ్డాక పలుకులు కట్టింది. చర్మం వేడికే కరిగే గుణం దాన్ని చలిదేశాల్లో ఖరీదైన క్రీముల్లోకి తీసుకెళ్ళింది, ఇక్కడ గది వేడే చర్మం వేడి. తేనెమైనం ఎక్కడా కదల్లేదు, కానీ రాస్తే సాగదు, వేళ్ళకు అంటుకుని లాగుతుంది. సీటైల్ పామిటేట్ అలమరలో గట్టిగా నిలబడింది. డిక్కీలో కాస్త మెత్తబడింది, విడిపోలేదు, సాయంత్రానికి మళ్ళీ నున్నగా బిగిసింది. ఇదీ సహజమే. మైనం ఒంటరిగా 50 దగ్గర కరిగినా, నూనెలో కలిసి ఉన్నప్పుడు అంతకంటే ముందే మెత్తబడుతుంది. అందుకే మనం ఉండే ఊరి వేడికంటే పది పన్నెండు డిగ్రీలు పైన కరిగే ఎస్టర్‌ను ఎంచుకోవాలి. చలిదేశాల వంటకాన్ని కొలత తప్పకుండా చేసినా మద్రాసులో నిలవకపోవడానికి కారణం చేసేవాళ్ళ చేతిలో లేదు, మైనం ఎంపికలో ఉంది.

అత్తయ్య మూడూ వేరువేరు రోజుల్లో రాసుకుని చూసింది. స్నానం చేసి పాదం తుడిచిన వెంటనే, ఇంకా కాస్త తడి ఉండగానే రాయమన్నాను, ఎందుకంటే ఎస్టర్ నీటిని పుట్టించదు, ఉన్నదాన్ని ఆపుతుంది. సీటైల్ పామిటేట్ రోజున వంటింటి దాకా నడిచి వచ్చి, "జారట్లేదు అమ్మాయీ, దుమ్ము కూడా అంటలేదు. కానీ రాసేటప్పుడు కాస్త మొండిగా ఉంది" అంది. నా వేళ్ళకూ అదే తగిలింది.

మృగశిర కార్తె

మొండితనానికి మందు పక్క డబ్బాలోనే ఉంది. 5 గ్రాముల ఎస్టర్‌లో 4 సీటైల్ పామిటేట్, 1 మిరిస్టైల్ మిరిస్టేట్ వేశాను. మద్రాసు అలమరలో నిలబడుతోంది, వేలు తగలగానే సాగుతోంది. ఇదే మా ఇంటి కొలతగా ఖాయం చేశాను. మడమ అంచున తెల్లగా లేచి చీర కుచ్చిళ్ళకు గీరుకునే పొరలు అణిగాయి. పాత లోతు పగులు ఒకటి మాత్రం అలాగే ఉంది, దానికి డాక్టరు వేరే మందు ఇచ్చారు.

బెంగుళూరులో ఉన్న చెల్లెలికి ఒక డబ్బా పంపితే "అక్కా, ఇది గోరుతో గీకాల్సి వస్తోంది" అంది. అక్కడి చల్లదనానికి సీటైల్ 2, మిరిస్టైల్ 3 వేసి పంపాను, బాగుందంట.

ఇరుగుపొరుగు కొంటామని అడుగుతున్నారు. అమ్మను. అమ్మకానికి చెయ్యాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు కావాలి, వంటింట్లో వేసినదానికి అది రాదు. కొలతలు అడిగితే మాత్రం కాగితం మీద రాసి ఇస్తున్నాను.

మిగిలిన పని యూరియా. మందమైన మడమ చర్మాన్ని మెత్తబరచడానికి పది శాతం యూరియా బాగా పనిచేస్తుంది, కానీ అది నీళ్ళలో మెల్లగా విడిపోయి అమ్మోనియా వదులుతుంది, పీహెచ్ పైకి పోతుంది. లాక్టిక్ ఆమ్లం, సోడియం లాక్టేట్ కలిపి పీహెచ్‌ను పట్టి ఉంచే బ్యాచ్ ఆర్ద్రలో వేస్తాను. పీహెచ్ కాగితాలు కొత్త కట్ట తెచ్చి పెట్టాను, వారం వారం చూసి ఇక్కడే రాస్తాను.